సోమవారం ఎనిమిది గంటల ఫోన్

మార్చి మొదటి సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు కట్టా సలోమికి ఫోన్ రాలేదు.

నాలుగేళ్లుగా ప్రతి సోమవారం ఆ వేళకి ఆమెకు కార్మిక ఆరోగ్య పథకం నుంచి ఫోన్ వచ్చేది. అవతల మాట్లాడేది మనిషి కాదు, రికార్డు చేసిన ఆడగొంతు. "నమస్కారం సలోమి గారూ. ఈ వారం మందులన్నీ వేసుకున్నారా? వేసుకుంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి. పాదాలు చూసుకున్నారా? చూసుకుంటే ఒకటి నొక్కండి." అంతటితో ఫోన్ ఆగిపోయేది.

సలోమి గుంటూరు శివారులోని ఒక షెడ్డులో ఎండు మిరపకాయలకు ముచ్చికలు తీసే పని చేస్తుంది. అక్కడ నలభై మంది దాకా ఆడవాళ్లు కూర్చుంటారు. అందులో పన్నెండు మందికి షుగరు ఉంది. ఎనిమిది కాగానే పన్నెండు ఫోన్లూ మోగేవి. ఆ గొంతుకి షెడ్డువాళ్లు పెట్టుకున్న పేరు సోమవారప్పిల్ల.

ఆ రోజు సలోమి ఫోన్ తీసి చూసింది. సిగ్నల్ ఉంది. చార్జింగ్ ఉంది. పక్కన మస్తాన్‌బీ ఫోన్ మోగింది. మస్తాన్‌బీ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, ఏదో నొక్కి, చీర మడతలో దోపుకుంది.

"నీకు రాలేదా?" అంది.

"రాలేదు."

చుట్టుపక్కల చేతులు ఆగాయి.

జనవరిలో నాగేంద్రం అనే ఆమెకి ఇలాగే ఫోన్ ఆగింది. ఫిబ్రవరిలో ఆమె చనిపోయింది. మూత్రపిండాలు పాడయ్యాయని ఆస్పత్రిలో రాశారు. షెడ్డులో మాత్రం ఒకే మాట నిలిచింది: పిల్ల ఫోన్ మానేసిందంటే మనిషి పని అయిపోయినట్టే.

ముందుగా మాట కలిపింది మస్తాన్‌బీయే.

"ఏమే సలోమీ, నువ్వు పోయాక షట్టరు చోటు నాకు రాసిచ్చి పో."

షట్టరు పక్క చోటు అంటే షెడ్డులో గాలి వచ్చే చోటు. మిగతావాళ్లు ఘాటులో కూర్చుని తుమ్ముతూ దగ్గుతూ పని చేస్తారు. షట్టరు పక్కన కూర్చున్న మనిషికి బయటి గాలి తగులుతుంది. ఆ చోటు పాతవాళ్లది. పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న సలోమికి ఆరేళ్ల కిందట దక్కింది.

"నేను పోతే గదా," అంది సలోమి. "ఈలోపు నా పీట మీద చెయ్యి ఆనించావంటే చెయ్యి విరిచి టిక్కీ బస్తాలో కుక్కుతా."

నలుగురూ నవ్వారు. పని మొదలైంది.

*

మంగళవారం సలోమి భర్త ఏసోబు కొరమేను తెచ్చాడు. ఏసోబు ఆటో నడుపుతాడు. ముళ్లంటే భయంతో చేపలు తినడు.

"పండగేందయ్యా ఇయ్యాల?" అంది సలోమి.

"పండగైతేనే తినాలా?"

"నువ్వు తినవు గదా."

"నీ కోసమే తెచ్చాను. తిను."

బుధవారం మళ్లీ కొరమేను వచ్చింది. గురువారం సాయంత్రం పాస్టరు గారు పిలవకుండానే వచ్చి కీర్తన చదివి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

"అయ్యగారూ, నాకు జొరం కూడా లేదు," అంది సలోమి.

"మంచిదమ్మా. ప్రార్థనకి జొరం దాకా ఆగాలా?" అన్నారాయన. ఏసోబు ఆయన్ని ఆటోలో దింపడానికి వెళ్లి చాలాసేపటి దాకా రాలేదు.

వాళ్లింట్లో మంచం పక్కన గోడకి, నేలకి జానెడు ఎత్తులో, ఆటో పక్క అద్దం ఒకటి బిగించి ఉంది. పాతది తీసేసినప్పుడు ఏసోబు దాన్ని అక్కడ బిగించాడు. సలోమి ఆదివారం రాత్రి మంచం మీద కూర్చుని ఒక్కో పాదం అద్దం ముందు పెట్టి అరికాలు చూసుకునేది. పిల్ల మర్నాడు అడుగుతుంది, అబద్ధం నొక్కడం ఎందుకని చూసుకునేదాన్ని అని ఆమె తర్వాత చెప్పింది. మార్చిలో అడిగేవాళ్లు లేరు. ఆమె చూసుకోలేదు.

మార్చి గడిచేసరికి షెడ్డులో మరో ఏడుగురికి ఫోన్ ఆగింది. ఒక్కొక్కళ్లు ఒక్కో వారం. కొందరు పని మానేసి ఇంట్లో కూర్చున్నారు. ఒకామె కూతురి పేర గ్యాస్ కనెక్షన్ మార్పించింది. సలోమి మాత్రం పథకం ఆఫీసుకి వెళ్లింది.

*

పథకం ఆఫీసులో నివేదికల విభాగం మూడో అంతస్తులో ఉంటుంది. ఆ విభాగం అధికారి తుమ్మల హైమావతి. ఏటా మే నెలాఖరుకి ఆమె ఒక నివేదిక మీద సంతకం చేసి నియంత్రణ సంస్థకి పంపాలి. పథకం తన సభ్యులను ఎలా చూసుకుందో ఆ నివేదిక అంకెల్లో చెబుతుంది. షుగరు ఉన్నవాళ్లలో నూటికి ఎంతమందికి ఏడాదిలో ఒకసారైనా పాదాలు పరీక్షించారు, ఎంతమందికి కళ్లు పరీక్షించారు, ఎంతమందికి రక్తపోటు అదుపులో ఉంది. ఇలాంటివి ఇరవై రెండు సూచికలు. వాటిని బట్టి పథకానికి స్టార్లు వస్తాయి. స్టార్లు మూడుకి తగ్గితే హెచ్చరిక, రెండుకి తగ్గితే పథకం రద్దు.

ఆ ఏడాది జనవరి నుంచి ఒక కొత్త నిబంధన వచ్చింది. చివరి ఏడాదిలో ఉన్న రోగులను ఈ లెక్కలోంచి మినహాయించవచ్చు. పోయే మనిషిని లెక్క కోసం సూదులతో పొడవకూడదన్నది నిబంధన ఉద్దేశం. ఎవరు చివరి ఏడాదిలో ఉన్నారో చెప్పేది నాడిపట్టీ. షుగరు, నాడి చూడటానికి సభ్యులందరి మణికట్టుకీ పథకం నాలుగేళ్ల కిందటే పట్టీలు కట్టింది. జనవరిలో వాటికి కొత్త పని అప్పగించారు.

లిఫ్టు పనిచేయడం లేదు. సలోమి మెట్లెక్కి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా అడిగింది.

"నాకు ఫోన్ ఎందుకు ఆపారు మేడమ్?"

హైమావతి నంబరు కొట్టి చూసింది. సలోమి పేరు పక్కన మినహాయింపు గుర్తు ఉంది. ఫోన్లు చేసే యంత్రం ఆ గుర్తు ఉన్నవాళ్లని వదిలేస్తోందని హైమావతికి అప్పుడే తెలిసింది. అలా వదిలేయమని ఎవరూ ఆదేశించలేదు. లెక్కలో ఉన్నవాళ్లకి గుర్తు చేయడానికే ఆ యంత్రాన్ని పెట్టారు. లెక్కలో లేనివాళ్లు దానికి కనపడరు.

"సాంకేతిక సమస్య ఏదైనా..." అని హైమావతి మొదలుపెట్టింది.

"సమస్యయితే అందరికీ రాదు గదా. అయ్యన్నీ వద్దమ్మా. నేను పోతన్నానా? అది చెప్పండి చాలు. మా ఆయన రోజూ చేపలు తెస్తన్నాడు. ఆటో మీద వచ్చిందంతా కొరమేనుకే పోతంది."

హైమావతి నవ్వబోయి ఆగింది. అడగని రోగికి ఈ విషయం చెప్పకూడదు. అడిగితే రెండు వారాల్లోపు, డాక్టరు సమక్షంలో చెప్పాలి. అదీ నిబంధనే.

"మీరు అడిగినట్టు రాసుకోమంటారా?" అంది.

"ఇందాకటి నుంచీ అడిగేది అదేగా."

హైమావతి రాసుకుంది. తర్వాత తెర మీద మిగతా అంకెలు చూసింది. మూత్రపిండాలు బాగున్నాయి. గుండె బాగుంది. షుగరు కొంచెం ఎక్కువ. ఎదురుగా ఉన్న మనిషి మూడంతస్తులు ఎక్కి వచ్చింది, ఆయాసం లేదు.

"రోజూ ఎన్ని గంటలు పని చేస్తారు?" అని అడిగింది.

"ఎనిమిది. సీజన్లో పది."

"అలసటగా ఉంటుందా?"

"పని చేస్తే ఎవరికి ఉండదమ్మా?"

*

నాడిపట్టీకి ఆ కొత్త పని నేర్పినవాడు డాక్టర్ యలవర్తి భాస్కర్. ఆయన ప్రయోగశాల మంగళగిరి రోడ్డులో ఒక మెడికల్ కాలేజీ వెనక ఉంది. మొదటి ఏడాది ఇలాంటి ప్రశ్నలన్నిటికీ తానే సమాధానం చెబుతానని ఆయన పథకానికి మాట ఇచ్చాడు. ఏప్రిల్ రెండో వారంలో హైమావతి సలోమిని అక్కడికి తీసుకెళ్లింది. సలోమిని బయట కూర్చోబెట్టి ముందు తను లోపలికి వెళ్లింది.

"డాక్టర్ గారూ, చెప్పేముందు ఇంకోసారి చూస్తారా?"

"పట్టీ మీద అనుమానమా?"

"అనుమానం కాదు. ఆమె లిఫ్టు లేకుండా మూడంతస్తులు ఎక్కింది."

"మా అమ్మ పోయే ముందు నెల దాకా ఊరంతా తిరిగింది," అన్నాడు భాస్కర్. "చివరి మూడు వారాలు ఆస్పత్రిలో. పోతుందని వాళ్లకి తెలుసు. అయినా రోజూ రక్తం తీశారు. ఎందుకంటే పరీక్షల లెక్క తగ్గిపోతుందన్నారు. ఆ మాట విన్నాకే ఇది మొదలుపెట్టాను."

అయినా సలోమిని లోపలికి పిలిచాడు.

పట్టీ రోజుకు కొన్నిసార్లు చర్మానికి చురక పెడుతుంది. మనిషికి తెలియనంత చురక. చురక తగిలిన చోటుకి రక్తం పరుగెత్తుకొస్తుంది. ఎంత త్వరగా వచ్చింది, ఎంత వచ్చింది అన్నది పట్టీ కొలుస్తుంది. భాస్కర్ దాన్ని చర్మం జవాబు అంటాడు. శరీరం తనను తాను బాగుచేసుకోవడం మానేసినప్పుడు ఆ జవాబు ముందుగా తగ్గుతుందని ఆయన కనిపెట్టాడు. రెండు వేల మంది మీద చూశాడు. జవాబు పూర్తిగా ఆగినవాళ్లలో ఎక్కువమంది ఏడాదిలోపు చనిపోయారు.

ముందు తన మణికట్టుకి పట్టీ చుట్టుకుని మీట నొక్కాడు. తెర మీద గీత లేచి దిగింది. హైమావతికి చుట్టాడు. గీత లేచింది. సలోమికి చుట్టాడు. గీత నేల మీద గీసినట్టు ఉండిపోయింది. మళ్లీ నొక్కాడు. అంతే.

సలోమి తెర చూసింది, వాళ్ల ముఖాలు చూసింది.

"చెప్పండి సారూ. నేను ఏడవను."

భాస్కర్ ఆమె చెయ్యి పట్టుకుని వేళ్లు చూస్తున్నాడు. గోళ్ల చుట్టూ ఎరుపు ఉంది. చర్మం మీద నూనె మరక ఉంది.

"ఇదేంటి?"

"ఆముదం. పొద్దున్నే మోచేతుల దాకా రాసుకుంటాం. లేకపోతే కాయ మండుద్ది."

"ఇప్పుడు మండుతుందా?"

"నాకా? నాకేం మండుద్ది సారూ. మొదటి రెండేళ్లు రాత్రిళ్లు చేతులు నీళ్ల బక్కెట్లో పెట్టుకుని పడుకున్నా. ఇప్పుడు చెయ్యి పండింది. కొత్తపిల్లలు చూసి కుళ్లుకుంటారు."

భాస్కర్ ఆముదం తుడిచి, స్పిరిటుతో కడిగి మళ్లీ కొలిచాడు. గీత లేవలేదు. ఆముదం కారణం కాదు. పట్టీ విప్పి, జాకెట్టు చేతిని పైకి జరిపి, భుజం కింద చుట్టాడు. మీట నొక్కాడు.

గీత లేచింది. ఆయన చేతి మీద లేచినంత ఎత్తు లేచింది.

"మీ ప్రయోగంలో మిర్చి పనివాళ్లు ఉన్నారా?" అని హైమావతి అడిగింది.

"రైతులున్నారు, టీచర్లున్నారు, ఆటోవాళ్లున్నారు," అన్నాడు భాస్కర్. "మిర్చి షెడ్డులో కూర్చున్నవాళ్లు లేరు."

మిరపకాయలో మంట పుట్టించే పదార్థం చర్మంలోని నరాలను తట్టి లేపుతుంది. ఏళ్ల తరబడి రోజుకు పది గంటలు తట్టి లేపితే ఆ నరాలు పలకడం మానేస్తాయి. రక్తాన్ని పిలవాల్సింది ఆ నరాలే. సలోమి మణికట్టుకి చురక తెలియలేదు. తెలియలేదు కాబట్టి రక్తం రాలేదు. పట్టీకి ఒక్కటే భాష వచ్చు. జవాబు లేదంటే మనిషి పోతున్నట్టు.

"అయితే నేను పోవట్లేదా?" అంది సలోమి.

"ఈ లెక్క ప్రకారం పోవట్లేదు."

"మా ఆయనకి మీరే చెప్పండి సారూ. నేను చెప్తే నమ్మడు. చేపలు ఆపాలి."

భాస్కర్ నవ్వాడు. మిర్చి తగలని చోట్లన్నీ కొలిచి రాసుకుంటే నిరూపణ గట్టిగా ఉంటుందని మెడ మీద కొలిచాడు. గీత లేచింది. చివరగా చీలమండకి చుట్టాడు.

గీత లేవలేదు.

పట్టీ సరిచేసి మళ్లీ నొక్కాడు. లేవలేదు.

"కాళ్లకి కూడా కాయ తగులుతుందా?"

"కాళ్లకెందుకు తగులుద్ది సారూ? పీట మీద కూర్చుంటాం గదా."

భాస్కర్ కిందికి వంగి ఆమె కుడికాలు ఎత్తి అరికాలు చూశాడు. చిటికెన వేలి కింద రూపాయి బిళ్లంత పుండు ఉంది. అంచులు నల్లబడ్డాయి. దాని మధ్యలో మిరప ముచ్చిక ఒకటి దిగి ఉంది.

"ఇది ఎన్నాళ్ల నుంచి?"

సలోమి వంగి చూసుకుంది.

"ఏది?" అంది.

*

షుగరు వల్ల పాదాలకి స్పర్శ పోయిందని చెప్పి ఆ మధ్యాహ్నమే ఆమెను ఆస్పత్రిలో చేర్చారు. మూడో రోజున చిటికెన వేలు తీసేశారు. పాదం మిగిలింది. పాదపరీక్ష ఫిబ్రవరిలోనే జరగాల్సి ఉంది. అది జరగలేదని తెర మీద గుర్తు రావాలి. ఫిబ్రవరి చివరి దాకా ఆ గుర్తు వచ్చింది. మార్చిలో ఆమెను లెక్కలోంచి తీసేయగానే గుర్తు కూడా పోయింది.

ఏసోబు ఆస్పత్రి వరండాలో హైమావతిని అడిగాడు. "ఫోన్ ఆగితే పోతారన్నారు గదమ్మా. ఇప్పుడు పోరంటన్నారు. నేను దేన్ని నమ్మాలి?"

"ఫోన్ ఆగడం మా తప్పు," అంది హైమావతి.

"ఆ చేపలకైన ఖర్చు కూడా మీదేనా మరి?" అన్నాడతను.

భాస్కర్ ప్రయోగశాలలో ఇంకో పని మొదలుపెట్టాడు. ఒక్క మనిషి మీద చూసిన విషయాన్ని నియంత్రణ సంస్థ ఒప్పుకోదు. అందుకని పథకంలో పరీక్ష కోసం తన పేరే ఒక సభ్యుడిగా నమోదు చేయించుకుని, ఎడమ చేతికి పట్టీ కట్టుకున్నాడు. మిర్చి యార్డు నుంచి ఘాటు రకం మిరపకాయలు తెప్పించి, నలిపి, రోజూ పూటకోసారి ఆ చెయ్యి అందులో పెట్టుకునేవాడు. మొదటి వారం అన్నం కుడిచేత్తో కూడా సరిగ్గా తినలేకపోయాడని, కళ్లు తుడుచుకుంటూ ఉండేవాడని ఆయన సహాయకులు చెప్పారు. సలోమి చూడటానికి వచ్చి, ఆ చెయ్యి చూసి, "ఆముదం రాసుకోకుండా ఎవరన్నా దిగుతారా సారూ?" అంది. ఆయన రాసుకోలేదు. నూనె ఉంటే ఫలితం ఆలస్యమవుతుందని.

మూడో వారానికి మంట తగ్గింది. నాలుగో వారంలో గీత లేవడం ఆగింది. మే ఇరవై రెండున పథకం లెక్కలో డాక్టర్ యలవర్తి భాస్కర్ చివరి ఏడాదిలో ఉన్నాడు.

ఈలోపు ఆయన షెడ్డుకి వెళ్లి, అక్కడ మినహాయింపు గుర్తు పడినవాళ్లందరికీ భుజం కింద కొలిచాడు. తొమ్మిది మంది ఉన్నారు. సలోమి కర్ర పట్టుకుని వచ్చి పక్కన నిలబడి పేర్లు పిలిచింది. ఎనిమిదో పేరు చదివి ఆగింది.

"మస్తాన్‌బీ? నీకు ఫోన్ వస్తందిగా?"

మస్తాన్‌బీ కొంగు సర్దుకుంది.

"అది అలారమే," అంది. "జనవరిలోనే ఆగింది. మీరంతా నాగేంద్రాన్ని చూసినట్టు నన్నూ చూస్తారని ఎనిమిదింటికి అలారం పెట్టుకున్నా."

"మరి నా చోటు రాసిమ్మన్నావు?"

"నువ్వు బెదిరావేమోనని. బెదిరినట్టు లేవులే."

భాస్కర్ ఆమె భుజం కింద పట్టీ చుట్టాడు. తర్వాత మెడ మీద. తర్వాత రెండో భుజానికి. గీత ఎక్కడా లేవలేదు. అందరికంటే ఎక్కువసేపు ఆమె దగ్గరే ఉన్నాడు. పట్టీ విప్పి, ఆమె ఏమైనా అడుగుతుందేమోనని ఆగాడు.

మస్తాన్‌బీ ఏమీ అడగలేదు. "అయిందా సారూ?" అని లేచి వెళ్లి ముచ్చికలు తీయడానికి కూర్చుంది.

*

మే ఇరవై ఏడున పథకం డైరెక్టరు నిమ్మల శ్రీహరిరావు గదిలో హైమావతి రెండు నివేదికలు పెట్టింది. ఒకదానిలో మినహాయింపులు యథాతథంగా ఉన్నాయి. రెండోదానిలో జిల్లాలోని మిర్చి షెడ్డుల్లో మళ్లీ కొలిచాక తిరిగి లెక్కలోకి వచ్చినవాళ్లు ఉన్నారు. మూడు వందల పైచిలుకు మంది. వాళ్లలో చాలామందికి ఏ పరీక్షా జరగలేదు.

"మొదటిది పంపితే ఎన్ని స్టార్లు?" అన్నాడు శ్రీహరిరావు.

"నాలుగు."

"రెండోది?"

"మూడు. ఒక సూచిక అటూ ఇటూ అయితే రెండు."

"రెండయితే పథకమే ఉండదు. అప్పుడు మీ సలోమికి ఫోన్ ఎవరు చేస్తారు?"

హైమావతి ఆ విషయం ముందే ఆలోచించింది. అయినా రెండో నివేదికనే ఆయన ముందుకు జరిపింది.

"వచ్చే ఏడాది నుంచి సరిచేద్దాం హైమావతి గారూ. ఫోన్లు రేపే మొదలుపెట్టండి, నేను కాదనను. నివేదిక మాత్రం ఇలా పోనివ్వండి."

"నివేదికలో లేనివాళ్లకి యంత్రం ఫోన్ చేయదు సార్. అది నివేదిక చూసే చేస్తుంది."

"మనుషుల చేత చేయిద్దాం."

"ఎన్నాళ్లు చేస్తారు?"

శ్రీహరిరావు రెండు నివేదికలనూ ఆమె వైపు నెట్టాడు. "సంతకం మీదే కదా," అన్నాడు. "నేను ఏదీ చూడలేదు."

మే ముప్పై ఒకటిన హైమావతి రెండో నివేదిక మీద సంతకం చేసి పంపింది. దానికి భాస్కర్ చేతి కొలతలు జతచేసింది. అదే రోజు ఇంకో వినతి కూడా పంపింది. నిజంగా చివరి ఏడాదిలో ఉన్నవాళ్లను లెక్కలోంచి తీసినా ఫోన్ మాత్రం ఆపకుండా నిబంధన మార్చాలని అందులో అడిగింది. దానికి జవాబు రాలేదు.

పథకానికి మూడు స్టార్లు వచ్చాయి. హెచ్చరిక కూడా వచ్చింది. వచ్చే ఏడాది ఇంకొకటి తగ్గితే రద్దు.

*

జూన్ మొదటి సోమవారం సలోమి పనికి వచ్చింది. కుడికాలికి మెత్తటి చెప్పు ఉంది. ముందు రోజు రాత్రి ఏసోబు అద్దం తుడిచి, నేల మీద కూర్చుని, ఆమె పాదాలు తనే పట్టుకుని చూశాడు.

ఎనిమిది అయింది. షెడ్డులో ఫోన్లు మోగాయి. పని ఆగిపోయింది. ఒకామె ఫోన్ ఎత్తకుండా పట్టుకుని మోగనిచ్చింది. ఇంకొందరు స్పీకరు పెట్టారు. "నమస్కారం" అన్న గొంతు నాలుగు చోట్ల నుంచి వినపడింది. "ఏమే పిల్లా, మూణ్ణెల్లు యాడికి పోయావే?" అని ఎవరో ఫోన్‌కి చెప్పారు. నవ్వులు వచ్చాయి. అందరూ ఒకటి నొక్కారు.

నవ్వులు ఆగాక మస్తాన్‌బీ ముచ్చికలు తీస్తూ ఉంది. ఆమె ఫోన్ ఒడిలో ఉంది. అది మోగలేదు. అలారం కూడా మోగలేదు.

"చార్జింగ్ లేదులే," అంది ఎవరూ అడగకుండానే.

సలోమి లేచింది. తన పీట తీసి మస్తాన్‌బీ పక్కన వేసింది. మస్తాన్‌బీ వైపు తిరిగి షట్టరు పక్క చోటు చూపించింది.

"ఏందే?"

"ఆ గాలి నా కాలికి పడట్లేదు. సల్లగాలికి వేలు లాగుతంది. నువ్వెళ్లి కూర్చో."

"లేని వేలు లాగుతందా?"

"లాగుతంది. లే."

"రాసిస్తున్నావా, ఊరికే ఇస్తున్నావా?"

"నోరు మూసుకుని కూర్చో."

మస్తాన్‌బీ షట్టరు పక్కకి వెళ్లి కూర్చుంది.

తర్వాతి సోమవారం ఎనిమిది గంటలకు షెడ్డులో ఫోన్లు మోగాయి. అవి ఆగిపోయాక ఇంకొకటి మోగింది. మస్తాన్‌బీ ఒడిలోంచి ఫోన్ తీసి తెర చూసింది. తల ఎత్తి షెడ్డు మధ్యకి చూసింది. సలోమి అటు తిరిగి, టిక్కీకి ఆనుకుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉంది.

మస్తాన్‌బీ ఫోన్ ఎత్తింది.

"నమస్కారం మస్తాన్‌బీ గారూ," అంది అవతలి గొంతు. "ఈ వారం మందులన్నీ వేసుకున్నారా? వేసుకుంటే ఒకటి నొక్కండి. లేకపోతే రెండు నొక్కండి."

మస్తాన్‌బీ ఒకటి నొక్కింది.